ప్రశాంతతకు మూలికా పానీయం: నందికొండ మెట్ట ప్రాంతంలో అవకాశాలు, పరిమితులు

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు తొలి పేరు నందికొండ ప్రాజెక్టు. ఎడమ కాలువ కింద ఉన్న భూములు వరి పొలాలుగా మారాయి. కాలువకు ఎగువన ఉన్న దేవరకొండ, చందంపేట వైపు ఎర్ర చల్క నేలలు మాత్రం నేటికీ వర్షంపైన, బోరుబావులపైన ఆధారపడి ఉన్నాయి. ఈ మెట్ట ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటం దశాబ్దాలుగా తెలిసిన సమస్య. పత్తి, కంది, బత్తాయి తోటల మధ్య తక్కువ నీటితో పండే కొత్త పంట కోసం ఇక్కడి రైతులు వెతుకుతూనే ఉన్నారు.

ఇటీవలి కాలంలో ఈ వెతుకులాటలోకి మూలికా తేనీరు వచ్చింది. కాఫీ, టీలకు బదులుగా మనసును నెమ్మదింపజేసే పానీయంగా దీనికి పట్టణాల్లో ఆదరణ పెరుగుతోంది. తులసి, నిమ్మగడ్డి వంటి మొక్కలు తక్కువ నీటితో పెరుగుతాయి. మహిళా స్వయం సహాయక సంఘాలు తక్కువ పెట్టుబడితో వీటిని ఆరబెట్టి అమ్మవచ్చు. అయితే ఈ పానీయం నిజంగా ప్రశాంతత ఇస్తుందా, ఇస్తే ఏ కారణం వలన, ఈ నేలలకు తగిన మొక్కలేవి, నాణ్యత ఎక్కడ నిర్ణయమవుతుంది అనే ప్రశ్నలకు విస్తరణ శాస్త్రవేత్త వద్ద స్పష్టమైన సమాధానం ఉండాలి. సమాధానం లేనిచోట ప్రచారం ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అప్పుడు నష్టపోయేది రైతు, వినియోగదారుడు.

పేరులోనే ఒక జాగ్రత్త

భారత ఆహార భద్రతా ప్రమాణాల నిబంధనల ప్రకారం ‘టీ’ అంటే కమీలియా సైనెన్సిస్ మొక్క నుండి తయారైనది మాత్రమే. తులసి ఆకును, నిమ్మగడ్డిని వేడినీటిలో నానబెట్టి తీసినది శాస్త్రీయంగా టీ కాదు. అది మూలికల కషాయం. వాడుకలో ‘హెర్బల్ టీ’ అన్నా, అమ్మకానికి పెట్టే పొట్లంపై రాసే పేరు విషయంలో సంఘాలు నిబంధనలను ముందుగా తెలుసుకోవాలి.

తెలుగు ఇళ్లకు ఇటువంటి పానీయం కొత్త కాదు. వేయించిన ధనియాలు, జీలకర్ర, శొంఠి, బెల్లం కలిపి కాచే ధనియాల కాఫీ, శొంఠి కాఫీ పాత అలవాట్లే. పేరులో కాఫీ ఉన్నా వీటిలో కాఫీ గింజ లేదు, కెఫీన్ లేదు. కాఫీ రుచికి అలవాటుపడినవారికి ఆ చేదును, సువాసనను, వేడిని అందిస్తూనే కెఫీన్‌ను తప్పించిన పద్ధతి ఇది.

కెఫీన్ పనిచేసే విధానం

మెలకువగా ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది తన గ్రాహకాలకు అతుక్కున్నప్పుడు అలసట, నిద్రమత్తు కలుగుతాయి. కెఫీన్ ఆ గ్రాహకాల వద్ద చేరి అడినోసిన్‌కు అడ్డుపడుతుంది. అందువలన అలసట తీరదు, తెలియకుండా పోతుంది. దీనితోపాటు గుండె వేగం, రక్తపోటు కొద్దిగా పెరగవచ్చు. సున్నిత స్వభావం గలవారిలో చేతుల వణుకు, ఆందోళన కనిపిస్తాయి.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో వెలువరించిన అంచనా ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మి.గ్రా., గర్భిణులకు 200 మి.గ్రా. కెఫీన్ వరకు ఆందోళన కలిగించదు. 200 మి.లీ. ఫిల్టర్ కాఫీలో సుమారు 90 మి.గ్రా., 220 మి.లీ. టీలో సుమారు 50 మి.గ్రా. కెఫీన్ ఉంటుందని ఆ సంస్థ లెక్కకట్టింది. మన కప్పుల పరిమాణం, డికాక్షన్ చిక్కదనం, చికోరీ పాలును బట్టి ఈ లెక్క మారుతుంది.

శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 4 నుండి 5 గంటలు పడుతుంది. వ్యక్తిని బట్టి ఇది 2 నుండి 8 గంటల వరకు మారుతుంది. గర్భిణుల్లో మరింత ఎక్కువ. సాయంత్రం ఆరు గంటల కాఫీలో సగం రాత్రి పది, పదకొండు గంటలకూ రక్తంలో ఉంటుందన్నమాట. నిద్రకు 6 గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ తీసుకున్నవారిలో నిద్ర గంటకు పైగా తగ్గినట్లు 2013లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన తెలిపింది. నిద్ర తగ్గినవారు మరునాడు మళ్లీ కాఫీనే ఆశ్రయిస్తారు.

సాయంత్రపు కాఫీని మాని మూలికా పానీయం తాగేవారికి కలిగే ప్రశాంతతలో మొదటి భాగం ఇక్కడి నుండే వస్తుంది. అది మూలిక చేసే మేలు కంటే ముందు, కెఫీన్ లేకపోవడం వలన కలిగే మేలు.

మూలికల వంతు ఎంత?

తులసి: ఆకులో యూజినాల్, రోస్మరినిక్ ఆమ్లం, అర్సోలిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఉంటాయి. 2017లో ప్రచురితమైన ఒక సమీక్ష మనుషులపై జరిగిన 24 అధ్యయనాలను పరిశీలించింది. ఒత్తిడి, రక్తంలో చక్కెర, రోగనిరోధక శక్తి వంటి అంశాల్లో అనుకూల ఫలితాలు కనిపించాయి. అయితే వాటిలో అనేకం కొద్దిమందిపై, కొద్ది వారాల పాటు జరిగినవి. చాలావాటిలో వాడినది ఆకు పొడి లేదా సారం. కప్పు కషాయం కాదు. కనుక తులసి విషయంలో ఆశ ఉంది, నిరూపణ ఇంకా బలపడాలి.

నిమ్మగడ్డి: దీని సువాసనకు కారణం సిట్రాల్. బ్రెజిల్‌లో నిద్ర కోసం, నరాల నెమ్మది కోసం దీనిని విస్తృతంగా తాగుతారు. ఆ నమ్మకాన్ని అక్కడి శాస్త్రవేత్తలే పరీక్షించి 1986లో ఫలితాలు ప్రచురించారు. 50 మంది స్వచ్ఛంద సభ్యులకు ఎవరికి ఏది ఇచ్చారో తెలియని పద్ధతిలో నిమ్మగడ్డిని, ఉత్తుత్తి నమూనాను ఇచ్చి చూడగా నిద్ర విషయంలో తేడా కనిపించలేదు. ఆందోళన తగ్గించే గుణమూ తేలలేదు. హాని కూడా కనిపించలేదు. రుచి, వాసనల కోసం నిమ్మగడ్డి చక్కని ఎంపిక. నిద్రమందుగా దానిని ప్రచారం చేయరాదు.

చామోమైల్: ప్రపంచమంతటా ప్రశాంతతకు పేరుపొందిన పువ్వు ఇదే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో దీని ప్రామాణిక సారం ఆందోళన రోగుల్లో ఓ మోస్తరు ఉపశమనం ఇచ్చింది. అక్కడ వాడినవి సారం నింపిన గొట్టాలు. ఈ మొక్కకు చల్లని వాతావరణం కావాలి. తెలుగులో కొందరు దీనిని ‘చామంతి టీ’ అని రాస్తున్నారు. మన తోటల్లో పూలదండల కోసం పెంచే చామంతి వేరే జాతి. పైగా దండల పూలకు పురుగుమందులు విరివిగా చల్లుతారు. మార్కెట్లో మిగిలిన చామంతి పూలను ఆరబెట్టి చామోమైల్‌గా అమ్మడం మోసమే కాదు, ప్రమాదం కూడా.

అశ్వగంధ: ఒత్తిడి తగ్గించే మూలికల్లో మనుషులపై ఆధారాలు కొంత ఎక్కువగా ఉన్నది పెన్నేరుగడ్డకే. అయితే ఇది రోజూ ఇష్టం వచ్చినట్లు తాగే పానీయం కాదు. గర్భిణులు, థైరాయిడ్ సమస్య గలవారు, కాలేయ వ్యాధి గలవారు దీనికి దూరంగా ఉండాలి. వాడదగినది వేరు మాత్రమే. వేరు అమ్ముడుపోయాక మిగిలిన ఆకును టీ పొట్లాల్లో కలపరాదని రైతులకు గట్టిగా చెప్పాలి.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. ‘హెర్బల్’ అన్న ప్రతిదీ కెఫీన్ రహితం కాదు. దక్షిణ అమెరికా నుండి వచ్చే మాటే ఆకు, గ్వారానా గింజల్లో కెఫీన్ ఉంటుంది. కొన్ని మిశ్రమాల్లో గ్రీన్ టీ ఆకు కలుపుతారు. రాత్రి తాగడానికి కొనేవారు పొట్లం వెనుక వివరాలు చదవాలి.

నల్లగొండకు ప్రత్యేకమైన కోణం: ఫ్లోరైడ్

ఇతర ప్రాంతాల్లో మూలికా పానీయాన్ని కాఫీతో పోలుస్తారు. నల్లగొండ మెట్టలో పోల్చవలసినది టీతో. ఇక్కడి శ్రమజీవులు రోజులో పలుమార్లు తాగేది టీయే. టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను గ్రహించి ఆకుల్లో, ముఖ్యంగా ముదురు ఆకుల్లో, నిల్వ చేసుకునే అరుదైన మొక్క. బ్లాక్ టీ డికాక్షన్‌లో లీటరుకు 1 నుండి 5 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్నట్లు వివిధ దేశాల విశ్లేషణలు చూపాయి. ముదురు ఆకుతో చేసే చౌక రకాల్లో ఇది ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.0 మి.గ్రా. మించకూడదని, మరో నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతోంది.

నీటిలోనే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో టీ ఆకు మరికొంత చేర్చుతుంది. తులసి, నిమ్మగడ్డి, శొంఠి, ధనియాలకు టీ మొక్క వలె ఫ్లోరైడ్‌ను పోగుచేసే గుణం లేదు. ఆ మేరకు ఈ ప్రాంతంలో మూలికా పానీయానికి అదనపు ప్రయోజనం ఉంది. కానీ ఇది నీటి సమస్యకు పరిష్కారం కాదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న 300 మి.లీ. నీటిని 200 మి.లీ. అయ్యేవరకు మరిగిస్తే గాఢత 2.25 మి.గ్రా.కు చేరుతుంది. ‘సగానికి సగం ఇగిరేదాకా కాచాలి’ అనే కషాయ పద్ధతి బోరు నీటితో చేసినప్పుడు గాఢత రెట్టింపవుతుంది.

అందువలన పానీయానికి మిషన్ భగీరథ ద్వారా వచ్చే శుద్ధిచేసిన నదీజలం గాని, వర్షపు నీరు గాని, శుద్ధి యంత్రం నీరు గాని వాడాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. అది ప్రపంచానికి ‘నల్లగొండ టెక్నిక్’ పేరుతోనే తెలుసు. ఆ పేరు మోస్తున్న జిల్లాలో ఆరోగ్య పానీయం గురించి మాట్లాడేటప్పుడు నీటి ప్రస్తావన మొదట రావాలి. బోరు నీటితో పండించిన ఆకును అమ్మకానికి ముందు ఒకసారి ఫ్లోరైడ్ పరీక్షకు పంపడం కూడా మంచిది.

అడవిలోని మొక్కలు: తంగేడు, సుగంధిపాల

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వు చల్క నేలల గట్లపై ఎవరూ నాటకుండానే పూస్తుంది. తమిళనాడు, శ్రీలంకల్లో తంగేడు పూలను పానీయంగా వాడతారు. అక్కడ దానికి పేరు మధుమేహం, శరీర వేడి విషయంలో, ప్రశాంతతకు కాదు. కాలేయానికి హానిచేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఈ మొక్కలో ఉన్నట్లు 1981లో శ్రీలంక పరిశోధకులు తెలిపారు. పూలు ఉచితంగా దొరుకుతున్నాయన్న కారణంతో రోజువారీ పానీయంగా సిఫారసు చేయడం తగదు.

సుగంధిపాల వేరు నల్లమల చెంచులకు బాగా తెలిసిన అటవీ ఉత్పత్తి. చలువ పానీయంగా దీనికి గిరాకీ ఉంది. మార్కెట్లో నన్నారి పేరుతో సుగంధిపాలతోపాటు మారేడు గడ్డలను కూడా అమ్ముతారు; రెండూ వేర్వేరు మొక్కలు. రెండింటిలోనూ వాడేది వేరే కాబట్టి తవ్వితే మొక్క చనిపోతుంది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే తిరిగిరాదు. సాగర్ వెనుక జలాలను ఆనుకుని ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సేకరణ అటవీ చట్టాలకు, చెంచుల హక్కులకు లోబడి ఉంటుంది. బయటి వ్యాపారి గిరాకీ కోసం అడవి వేరును సూచించే బదులు, కొమ్మ కత్తిరింపుల ద్వారా నారు పెంచి పొలం గట్లపై సాగు చేయించడం సరైన మార్గం.

సాగు: రెండు పంటలతో ప్రారంభం

ఈ ప్రాంతంలో మొదట చేపట్టదగినవి తులసి, నిమ్మగడ్డి. రెండింటికీ నీరు నిలవని ఎర్ర నేలలు సరిపోతాయి.

తులసిలో కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) విడుదల చేసిన సిమ్-ఆయు, సిమ్-అంగన రకాలు ఉన్నాయి. సిమ్-ఆయులో యూజినాల్ అధికం. విత్తనం చాలా సన్నం కాబట్టి ఇసుకతో కలిపి నారుమడిలో చల్లి, సుమారు 6 వారాల నారును వర్షాలు కుదురుకున్నాక 45 సెం.మీ. దూరంలో నాటాలి. హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు ఆఖరి దుక్కిలో వేయాలి. మొదటి కోత 90 రోజులకు, తరువాత 65–75 రోజులకు ఒకసారి వస్తుంది. నూనె కోసం నిండు పూత దశలో కోస్తారు. పానీయానికి కావలసినది మెత్తని ఆకు కాబట్టి పూత మొదలయ్యే దశలోనే కోయాలి. ఈ తేడా చెప్పకపోతే రైతు నూనె పంట పద్ధతినే అనుసరిస్తాడు.

నిమ్మగడ్డిని పిలకలతో నాటుతారు. 60 × 60 సెం.మీ. దూరంలో ఎకరాకు సుమారు 11,000 పిలకలు అవసరం. నాటిన 90 రోజులకు మొదటి కోత, తరువాత 50–60 రోజులకు ఒకటి తీసుకోవచ్చు. నేలకు 10–15 సెం.మీ. ఎత్తు వదిలి కోయాలి. ఒకసారి నాటితే 5 ఏళ్ల వరకు పంట ఉంటుంది. వాలు నేలల్లో దీని దుబ్బులు మట్టి కోతను కూడా అరికడతాయి.

విత్తనం, పిలకలు, సలహా కోసం సీమ్యాప్ హైదరాబాద్ కేంద్రాన్ని, రాజేంద్రనగర్‌లోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు. దక్షిణ తెలంగాణ మండలానికి చెందిన పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం స్థానికంగా అందుబాటులో ఉన్నాయి.

నాణ్యత నిర్ణయమయ్యేది కళ్లంలో

మూలికా ఆకును నేరుగా నీటిలో వేసి తాగుతారు. కూరగాయల వలె వండేముందు కడగడం ఉండదు. కాబట్టి పొలంలో జరిగిన ప్రతి పొరపాటు కప్పులోకి చేరుతుంది.

నల్లగొండ పత్తి పండే జిల్లా. పత్తిచేనుకు గాలివాటున తులసి మడి ఉంటే చల్లిన మందు ఆకుపై పడుతుంది. మడిని పత్తికి దూరంగా, గాలికి ఎదురువైపున ఉంచాలి. మధ్యలో జొన్న లేదా సజ్జ నాలుగు వరుసలు అడ్డుగా వేయాలి. పత్తికి వాడిన పంపునే తులసికి వాడరాదు.

కలుపు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హీలియోట్రోపియం, క్రొటలేరియా జాతుల కలుపు మొక్కల్లో పైన పేర్కొన్న పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. కోతలో వాటి ఆకులు కొద్దిగా కలిసినా సరుకు మొత్తం పనికిరాకుండా పోవచ్చు. ఐరోపా సమాఖ్య ఈ ఆల్కలాయిడ్లపై 2022 జూలై నుండి పరిమితులు అమలు చేస్తోంది. సాధారణ ఎండు మూలికా మిశ్రమాలకు కిలోకు 200 మైక్రోగ్రాములు. వయ్యారిభామ ఆకు కూడా కలవకూడదు. కోతకు ముందురోజు కలుపు ఏరించే కూలి ఖర్చు ఈ పంటలో తప్పనిసరి ఖర్చు.

కోసిన ఆకును ఎండలో పరిస్తే ఆకుపచ్చదనం, సుగంధ తైలం పోతాయి. నీడలో, గాలి ఆడే చోట, నేలపై కాక వల తట్టలపై పలుచగా పరచి ఆరబెట్టాలి. యంత్రం వాడితే ఉష్ణోగ్రత 40–45 డిగ్రీల సెల్సియస్ దాటరాదు. తేమ 10 శాతానికి లోపు వచ్చేవరకు ఆరాలి. చేత్తో నలిపితే ఆకు పొడిగా విరగాలి. పచ్చి ఆకులో 75–80 శాతం నీరే కాబట్టి 4–5 కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో ఎండు ఆకు వస్తుంది. ఆదాయం లెక్కలు పచ్చి బరువుపై కాక ఈ ఎండు బరువుపైనే వేయాలి. వానాకాలపు కోతలో ఆరబెట్టడం ఆలస్యమైతే బూజు పడుతుంది. బూజు పట్టిన సరుకును మంచి సరుకుతో కలపకుండా పారవేయాలి.

కాచే పద్ధతి, వాడకంలో జాగ్రత్తలు

ఆకులకు, వేళ్లకు పద్ధతి వేరు. ఎండు ఆకు ఒక చెంచా, అంటే సుమారు 2 గ్రాములు, 150–200 మి.లీ. మరిగిన నీటిలో వేసి, పొయ్యి దించి, మూతపెట్టి 5–7 నిమిషాలు ఉంచాలి. మూత లేకపోతే సుగంధ తైలం ఆవిరితోపాటు పోతుంది. శొంఠి, ధనియాలు వంటి గట్టి భాగాలను 10 నిమిషాలు సన్నని మంటపై కాచాలి. మూత ఉంటే నీరు ఇగరదు. మూడు చెంచాల చక్కెర వేసుకుంటే కాఫీ మానిన మేలులో కొంత పోయినట్లే.

కాఫీని ఒక్కసారిగా మానితే 12–24 గంటల్లో తలనొప్పి, చికాకు మొదలై వారం వరకు ఉండవచ్చు. మూలికా పానీయం పడలేదని చాలామంది అనుకునేది దీనినే. ముందు సాయంత్రపు కప్పును మార్చి, తరువాత నెమ్మదిగా ఉదయపు కప్పును తగ్గించాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. టీ, కాఫీలు భోజనంతో తాగితే ఇనుము శోషణ తగ్గుతుందని తెలిసినదే. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో పుదీనా జాతి, చామోమైల్ పానీయాలు కూడా ఇనుము శోషణను గణనీయంగా తగ్గించాయి. పాలీఫినాల్స్ ఉన్న ఏ పానీయమైనా భోజనానికి గంట ఎడంగా తాగాలి. మధుమేహానికి మందులు, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు, బాలింతలు తులసి పానీయాన్ని నిత్యం తాగే ముందు వైద్యుని అడగాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

మార్కెట్ ఒప్పందం లేకుండా ఎకరాల్లో వేయించరాదు. ఒక సంఘానికి 5 గుంటల మడి, ఒక నీడ పందిరి, నాలుగు వల తట్టలతో ప్రారంభించి, రెండు కోతల సరుకును పరీక్షకు పంపి, కొనుగోలుదారు అంగీకరించాకే విస్తీర్ణం పెంచాలి. అమ్మకానికి ఆహార భద్రతా సంస్థ నమోదు తప్పనిసరి. పొట్లంపై ‘మధుమేహం తగ్గిస్తుంది’, ‘నిద్రలేమి పోతుంది’ వంటి మాటలు రాయించరాదు. చట్టం పేర్కొన్న వ్యాధులను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తోంది. ‘కెఫీన్ లేని తులసి–నిమ్మగడ్డి పానీయం’ అన్న మాట నిజం, అమ్మకానికి చాలినంత బలమైనది కూడా.

రోజంతా చేనులో పనిచేసి వచ్చిన మనిషికి అలసటను మరిపించే కప్పు కంటే నిద్రకు అడ్డురాని కప్పు మేలు చేస్తుంది. తులసి, నిమ్మగడ్డి ఆ పని చేయగలవు. వాటికి లేని గుణాలను అంటగట్టనవసరం లేదు. శుభ్రమైన ఆకు, నీడలో ఆరిన ఆకు, ఫ్లోరైడ్ లేని నీరు — ఈ మూడింటిని రైతుకు, సంఘానికి నేర్పగలిగితే నందికొండ మెట్టలో ఈ చిన్న పంట నిలబడుతుంది.